వాకిలివైపు చూసే జోజప్ప

నేను కోయంబత్తూరు వెళ్ళింది ఒక మనిషి పనిలో తప్పు వెతకడానికి. యాత్రలు చేసివచ్చినవాళ్ళు పుణ్యానికనో, గాలి మార్పుకనో చెబుతారు. నాకు ఆ రెండూ లేవు. కడుపుమంటతో బయలుదేరాను, ఆరు రోజులు దాన్ని భద్రంగా మోసుకు తిరిగాను, ఇప్పటికీ కొంత మిగిలే ఉంది.

మాది బందరు పక్కన ఊరు. నాకు అద్దాల కొట్టుంది. కిటికీలకు అద్దాలు కోసి బిగిస్తాను, పటాలు కడతాను. నాకంటే ముందు మా నాన్న చౌరయ్య అదే పని చేశాడు. మా ఊరి కతోలికుల విచారణ గుడి దొరల కాలంనాటిది. గోడల్లో ఇటు నాలుగు, అటు నాలుగు రంగుటద్దాల కిటికీలు, ఒక్కోదాంట్లో ఒక్కో పునీతుడు. ముప్పై ఏళ్ళ కిందటి పెద్ద గాలివానకు, యేసును పెంచిన తండ్రి జోజప్పగారి కిటికీ చట్రం విరిగి వేలాడిపోయింది. అద్దం దించి, కొత్త చట్రం చేయించి, మళ్ళీ ఎక్కించింది మేమే. మా నాన్న నిచ్చెన మీద, నేను కింద. నాకప్పటికి పెళ్ళయి ఏడాది.

ఆ తర్వాత ఏటికేడాది జోజప్పగారి ముఖం చెరిగిపోతూ వచ్చింది. ముందు గడ్డం పోయింది, తర్వాత కళ్ళు. ఇప్పుడు ముఖం ఉండాల్సినచోట ఉత్త పసుపు అద్దమే ఉంది. ఉప్పుగాలి తినేసిందని మా నాన్న అనేవాడు, నేనూ అదే అంటూ వచ్చాను. ఇంకో విశేషం కూడా ఉంది. ఏడుగురు పునీతులు ఫాదర్‌గారు పూజ చేసే పీఠంవైపు చూస్తుంటే జోజప్పగారొక్కడే, ముఖం పోయినా తల తిరిగిన తీరును బట్టి, వాకిలివైపు చూస్తుంటాడు. పూజకు ఆలస్యంగా వచ్చేవాళ్ళను కనిపెట్టడానికని పెద్దలు చెబుతారు. ఊరు దాటి వెళ్ళేవాళ్ళు ఆయన చూపు పడేచోట కాసేపు నిలబడి వెళతారు. ఒక ఫాదర్‌గారైతే దాని మీద గంటసేపు ప్రసంగమే చెప్పారు.

మూడేళ్ళ కిందట వచ్చిన కొత్త ఫాదర్‌గారు కిటికీలు బాగుచేయించాలన్నారు. నేను చేస్తానన్నాను. నిజానికి ఆ ముఖం నా చేత్తో గీయాలని ఎన్నాళ్ళుగానో ఆశ. చెయ్యి వణకడం మొదలుకాకముందే ఆ ఒక్క పనీ చేస్తే మా నాన్న పేరూ, నా పేరూ గుడిలో నిలుస్తాయనుకున్నాను. ఫాదర్‌గారు మాత్రం కోయంబత్తూరులో తెలుగు మాట్లాడే ఒకావిడ ఉందట, అరవదేశంలో పాత గుళ్ళ కిటికీలన్నీ ఆమే బాగుచేస్తుందట అన్నారు.

"ఇన్నయ్యా, నువ్వే వెళ్ళి చూసి రా. పని బాగుందంటే ఆమెను పిలుద్దాం. లేదంటే నువ్వే చెయ్యి. నీ మాటే ఖాయం" అన్నారు.

దొంగ చేతికి తాళాలిచ్చినట్టయింది.

పీలమేడు

కోయంబత్తూరులో దిగి సిటీ బస్సులో పీలమేడు చేరాను. నెత్తిమీద విమానం, పక్కన కాలేజీ పిల్లల స్కూటర్లు, వాటి వెనక మిల్లు ప్రహరీగోడ, గోడ దాటగానే కంప్యూటర్ ఆఫీసు. మూడు తరాలు ఒకే రోడ్డు మీద నిలబడ్డాయి. టీ కొట్టు దగ్గర ఆగి మా ఆవిడకు ఫోన్ చేశాను. నేను మాట్లాడేది విని టీ పోసే ఆయన గరిటె ఆపాడు.

"మీరు ఆంధ్రానా? మీ తెలుగు టీవీలో వచ్చే తెలుగు మాదిరి ఉంది. మేము కూడా ఇంట్లో తెలుగు దా. చదవను మాత్రం రాదు" అన్నాడు. తెలుగే అనడానికి వాళ్ళు "తెలుగు దా" అంటారు. తర్వాత, "చక్కెరా, నాటు చక్కెరా?" అని అడిగాడు. నాటు చక్కెరంటే బెల్లం రంగులో ఉండే పొడి. పదిహేను రూపాయల టీ, మా ఊళ్ళో టీకి రెండింతలు చిక్కన. అప్పటికే మంట మొదలైంది, టీతో సహా వీళ్ళదే బాగుందేమిటా అని.

ఆరోగ్యమేరి ఇల్లెక్కడని అడిగితే ఆయనకు మొదట తెలియలేదు. అద్దాలు, గుడి కిటికీలు అని సైగలు చేసేసరికి ముఖం విప్పారింది. "జన్నల్ అక్కా? ఎవరిని అడిగినా చెప్తారే!" అన్నాడు. జన్నలంటే వాళ్ళకు కిటికీ. కిటికీ అక్కట. మా ఊళ్ళో ముప్పై ఏళ్ళుగా కొట్టు నడుపుతున్నాను, ఇప్పటికీ నన్ను "ఆ పటాలు కట్టేవాడెక్కడ" అనే అడుగుతారు.

ఒకదానికొకటి ఆనుకున్న చిన్న ఇళ్ళ వరుస. పూర్వం మిల్లుల్లో, మునిసిపాలిటీలో కూలికి వచ్చిన తెలుగువాళ్ళ వీధి అది. సగం ఇళ్ళ గుమ్మాల మీద శిలువ, సగం ఇళ్ళ మీద పసుపు కుంకుమ. చివర రేకుల షెడ్డు. అందులో చీర మీద మగవాళ్ళ చొక్కా తొడుక్కుని, ముక్కు చివర కళ్ళజోడుతో ఒకావిడ బల్ల మీద వంగి ఉంది. నలభై అయిదేళ్ళుంటాయి. ఆమే ఆరోగ్యమేరి. మూల కూర్చుని టంకం కాస్తున్న సన్నటి మనిషి ఆమె భర్త సగాయం.

"రాండన్నా, రాండి. మీ ఫాదర్ ఫోన్‌లో చెప్పినారు. ఎండలో వచ్చిండారు, ముందు మోరు తాగండి" అంది. మోరంటే ఏమిటో గ్లాసు చూశాక తెలిసింది, మజ్జిగ. కొత్తిమీర, ఇంగువ వేసిన మజ్జిగ. అదీ బాగుంది.

నేను గుడి పెద్దల్లో ఒకణ్ణని పరిచయం చేసుకున్నాను. అద్దాల పనివాణ్ణని చెప్పలేదు. నా మొదటి అబద్ధం అది.

ఎనిమిది డబ్బాలు

మర్నాడు పొద్దున పూజ వేళకు తమ విచారణ గుడికి తీసుకెళ్ళింది. ఆమె మొట్టమొదట పని నేర్చింది అక్కడే. లోపలికి అడుగుపెట్టి నిలబడిపోయాను. తూర్పు కిటికీల్లోంచి రంగులు నేల మీద పరుచుకున్నాయి. తెల్లచీర కట్టుకున్న ఒక ముసలామె భుజం మీద నీలం, మోకాళ్ళ మీద ఎరుపు పడ్డాయి. ఆమె అదేమీ పట్టించుకోకుండా జపమాల చెప్పుకుంటోంది. నేను మాత్రం పూజలో ఒక్క ముక్క వినలేదు. అయిపోగానే కిటికీ దగ్గరికి వెళ్ళి సీసం పట్టీల సందుల్లో గోరు పెట్టి చూశాను. ఎక్కడా దిగలేదు. లప్పం నిండా ఉంది, టంకం చుక్కలన్నీ ఒకే సైజు. కోడిగుడ్డు మీద ఈకలు పీకుదామని వెళ్ళినవాడికి ఆ గుడ్డు మరీ నున్నగా దొరికింది.

"కొత్త అద్దం ఎంత వేశావమ్మా?" అని అడిగాను.

"ఈ చెయ్యంత కూడా లేదన్నా. అంతా పాతది దా" అంది.

ఎలాగని అడిగితే గంటల గోపురం మెట్ల కిందికి తీసుకెళ్ళి చూపించింది. అక్కడ వరుసగా ఎనిమిది బిస్కెట్ డబ్బాలున్నాయి. ఇప్పుడు ఖాళీగా ఉన్నాయి.

వాళ్ళ వీధి ఆడవాళ్ళే వంతులవారీగా ఆ గుడి ఊడుస్తారు. ఆమె అమ్మమ్మ ఊడ్చింది, అమ్మ ఊడ్చింది, ఆమె కూడా ఊడ్చింది. ఆ వీధిలో ఒక కట్టుబాటుంది. కిటికీలోంచి రాలిన అద్దం పెంకును చెత్తలో వెయ్యరు.

"సామి మీద పడే వెలుతురు దాంట్లోనుంచి దా వచ్చింది గదా, దాన్ని కుప్పలో వేస్తే పాపం అంటుంది మా అమ్మమ్మ. ఏ జన్నల్‌ది ఆ డబ్బాలో వేస్తాము. ఆవగింజంత ఉన్నా వేస్తాము."

బెంగుళూరు నుంచి ఒక పెద్ద పనివాడు వచ్చి, ఇన్ని చోట్ల కొత్త అద్దం వెయ్యాలని లెక్క రాస్తుంటే, చీపురు పక్కన పెట్టి ఆమె ఆ డబ్బాలు మోసుకొచ్చిందట. ఆయన మూతలు తీసి చూసి, అక్కడే నేల మీద కూర్చుండిపోయాడట. ఏ పెంకు ఎక్కడిదో ఆమె చూడగానే చెప్పేది. రెండేళ్ళు ఆయన వెంట ఉండి పని నేర్చుకుంది.

 మా గుడి వెనక, సమాధుల దొడ్డి పక్కన ఒక గొయ్యి ఉంది. పగిలిన పెంకులన్నీ అందులో పోస్తాం. తట్టతో మోసి పోసింది నేనే.

"మీ గుడి ఎవరు ఊడుస్తారన్నా?" అని అడిగింది.

"ఒక ముసలమ్మ" అన్నాను. పేరు గుర్తు రాలేదు. అసలు ఎప్పుడైనా తెలుసుకున్నానా అన్నదే అనుమానం.

నాయుడుగారి పట్టీలు

ఆ మధ్యాహ్నం సీసం పట్టీలు తేవడానికి ఒక ఫౌండ్రీకి వెళుతుంటే నేనూ వెంటపడ్డాను. అద్దం ముక్కలను కలిపేది ఈ పట్టీలే, రెండు వైపులా గాడి ఉంటుంది. మా పక్క ఇవి దొరక్కే నేను సగం పనులకు సిలికాను జిగురు వాడతాను. ఫౌండ్రీ యజమాని రంగసామి నాయుడు డెబ్బై దాటినవాడు, తెల్లపంచె, జేబులో వెర్నియర్ స్కేలు.

"మా తాత కాలంలో ఇక్కడ పత్తి చేను. మా నాయన మిల్లుకి పోయినాడు. నేను పంపు బాడీలు పోస్తా ఉండాను. ఈ అమ్మిణి వచ్చి ఈయం పట్టీ లాగే మిషను కావాలనింది. కూడదుపో అన్నాను. నెల దినాలు రోజూ వచ్చి ఈ స్టూలు మీద కూర్చుండె. చేసి ఇస్తే గానీ ఇడిచిపెట్టలేదు" అన్నాడు. అమ్మిణి అంటే వాళ్ళ పక్క ఆడపిల్లను ముద్దుగా పిలిచే మాట. ఈయమంటే సీసం.

మిషన్లోంచి పట్టీ పాములా జారుతుంటే నాకు నోరూరింది. "బందరుకు పార్సిల్ పంపుతారా?" అని అనేశాను.

"గుడి పెద్దకి ఈయం ఎందుకింగ?" అన్నాడు నాయుడు. ఊరికే అడిగానని నవ్వాను. ఏడవలేక నవ్వడమంటే అదే.

సాయంత్రం వాళ్ళింట్లో భోజనం. ఉలవపప్పు, నెయ్యి, వంకాయ పులుసు. మేము ఉలవలు ఉడికించి చారు కాస్తాం, వీళ్ళు ఆ ఉలవలనే వెల్లుల్లి వేసి రుబ్బి పప్పు చేస్తారు. రెండోసారి వడ్డించుకున్నాక ఆమె మా కిటికీ ఫోటోలు చూపించమంది. ఎనిమిదీ చూసింది. జోజప్పగారి దగ్గర ఆగింది. వాళ్ళకు ఆయన సూసైయప్పర్.

"అందరు సాములూ పీఠం పక్క చూస్తా ఉంటే, సూసైయప్పర్ మాత్రం వాకిలి పక్క చూస్తా ఉండాడే, ఎందుకు?"

ఆలస్యంగా వచ్చేవాళ్ళ కథ గర్వంగా చెప్పాను. ఈ ఒక్కటన్నా మా గుడిలో ఉంది, వీళ్ళ గుడిలో లేదు. ఆమె నవ్వలేదు.

"ముఖం ఎన్నేళ్ళుగా పోతా ఉంది?"

"ముప్పై ఏళ్ళుగా. ఉప్పుగాలమ్మా."

ఆమె లేచి వెళ్ళి అరచేతిలో పట్టేంత అద్దం ముక్క ఒకటి తెచ్చింది. దాని మీద ఒక కన్ను గీసి ఉంది. "కళ్ళు మూసుకోని వేలు పెట్టండి" అంది. ఒక పక్క నున్నగా ఉంది. రెండో పక్క పిల్లి నాలుకలా గరుకు.

"గరుకు పక్క దా రంగు. దాన్ని నిప్పులో కాల్చి పట్టిస్తారు. ఆ పక్క ఎప్పటికీ గుడి లోపలికి ఉండాల. వానకీ గాలికీ చూపించకూడదు. మీ సూసైయప్పర్ని ఎవరో తిప్పి పెట్టేసినారన్నా. అందుకే వాకిలి పక్క చూస్తా ఉండాడు, అందుకే ముఖం పోయింది. ఎవరు పెట్టినారు?"

మామూలు అద్దానికి లోపలా బయటా ఉండదు. మేము తండ్రీకొడుకులం పుట్టి పెరిగింది మామూలు అద్దంలో.

"ఎవరో. ఎప్పటిదో పాత సంగతి" అన్నాను. రెండో అబద్ధం. నెయ్యి వేసిన ఉలవపప్పును కంచంలోనే వదిలేసి లేచాను. మా నాన్న పోయి పదకొండేళ్ళు, ఆయన తప్పు మీద నేను గుడ్డ కప్పాననుకున్నాను.

మదురై

వాళ్ళకు మదురైలో ఒక గుడి పని నడుస్తోంది. మర్నాడు ముగ్గురం బస్సులో వెళ్ళాం. దారంతా సగాయం కిటికీ సీటులో నిద్రపోయాడు. ఆమె మాత్రం దాటిపోయే ప్రతి గోపురం, ప్రతి మసీదు కిటికీలనూ చూస్తూ కూర్చుంది. మదురైలో దిగగానే జిగర్తండా తాగించారు. పాలు, సుగంధపాల వేరు షర్బత్తు, పైన ఐస్‌క్రీము. చలవ చేస్తుందన్నారు. నా మంటకు గ్లాసు సరిపోదు, బకెట్టు కావాలి.

గుడి బయట చెప్పులు విప్పి లోపలికి వెళ్ళి వచ్చేసరికి నా జత మాయం. మిగిలిన జత అంగుళం పొట్టి. మా ఊళ్ళోనూ చెప్పులు పోతాయిగానీ, కనీసం కొలతకు సరిపోయేవి వదిలిపోతారు. మిగిలిన యాత్రంతా మడమలు నేలకానిస్తూనే తిరిగాను.

పని చూశాను. ఆమె పైన పరంజా మీద, సగాయం కింద. బాగుచేసిన పలకను అతను రెండు చేతులా ఎత్తి అందిస్తే ఆమె అందుకుని, చట్రంలో పెట్టకుండా అలా పట్టుకునే కళ్ళు మూసుకుని వేలితో తడిమేది. ఆ తర్వాతే బిగించేది. ప్రతి పలకకూ అంతే. నాకు ఇన్నాళ్ళకు ఒక తప్పు దొరికింది.

"పైనున్నవాళ్ళు అద్దం పట్టుకుని అలా ఆగకూడదమ్మా, బరువుకు చెయ్యి జారుతుంది. మా పక్క పద్ధతి వేరు. కిందవాడు ఎటు తిప్పి ఇస్తే పైవాడు అటే పెడతాడు. పైన ఉన్నవాడు అద్దం తిప్పడు, చూడడు, అందుకున్నది అందుకున్నట్టు చట్రంలో దించుతాడు. ఆ పద్ధతిలో నలభై ఏళ్ళలో ఒక్క అద్దం కూడా పగల్లేదు" అన్నాను. ఇది మా నాన్న పెట్టిన నియమం. గుడి పెద్దకు ఇదంతా ఎలా తెలుసని ఎవరూ అడగలేదు.

రెండు రోజుల్లో మొదటిసారి సగాయం నోరు విప్పాడు. "అట్టయితే కిందోడు తప్పుగా ఇచ్చేస్తే?"

"కిందవాడు తప్పుగా ఇవ్వకూడదు" అన్నాను ఠక్కున.

భార్యాభర్తలు ఒకరినొకరు చూసుకుని నవ్వారు. ఎందుకో నాకప్పుడు తెలియలేదు.

అన్నం వేళ ఆమె తన పేరు తెలుగులో ఎలా ఉంటుందో రాసి చూపించమంది. ఇంట్లో తెలుగు, బడిలో అరవం. తన పేరును తన భాషలో ఆమె ఎన్నడూ చూడలేదట. నా ప్రాణం లేచొచ్చింది, ఇన్నాళ్ళకు ఆమెకు రానిదీ నాకు వచ్చిందీ ఒకటి దొరికింది. సుద్దముక్కతో అద్దం మీద పెద్దగా రాశాను. ఆమె దాన్ని కొంతసేపు చూసింది. తర్వాత కుంచె రంగులో ముంచి పక్కనే రాసింది. తలకట్టుతో సహా ఒక్క ఊపులో, నా రాతకంటే గుండ్రంగా.

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు. సరే. మరీ నా ఎదురుగానే తన్నాలా?

మేలూరు దాటాక

నాలుగో రోజు పని ఆపి, నాకొక ఊరు చూపించాలని మేలూరు బస్సెక్కించింది. ఆమె చేసినవాటిలో అన్నిటికంటే గొప్పది చూపిస్తుందనుకుని మనసు బిగబట్టుకున్నాను. మేలూరు దాటాక పొలాల మధ్య రాతి క్వారీలు. గ్రానైటు బండలు మోసే లారీలు, ఆకుల మీద తెల్లటి దుమ్ము. ఆ దుమ్ములో ఒక చిన్న పెంకుటి గుడి, పడమటి గోడలో ఒకే ఒక్క కిటికీ. దేవదూత. రెక్కలు బాగున్నాయి, పాదాలు బాగున్నాయి. ముఖం లేదు.

"ఇది ఎవరి పని?" అన్నాను. గొంతులో సంతోషం నాకే వినిపించింది.

"నాది దా. నేను ఒంటిగా చేసిన మొదటి వేలై. మా ఆయన కిందనుండి తిప్పిచ్చినాడు, నేను చూడకుండా పెట్టేసినా. ఇద్దరి తప్పు. క్వారీ దుమ్ము గదా, నాలుగు ఏండ్లలో ముఖం తినేసింది. తెలిసిన దినమే ఫాదర్ దగ్గర పోయి చెప్పి, విప్పి సరిగ్గా తిప్పి పెట్టేసినా. అప్పటినుండి దా పైన వేలు పెట్టకుండా ఏదీ బిగించను."

"మరి ముఖం గీయలేదేం?"

 "ఆ ముఖం ఎట్ట ఉండిందో నాకి గుర్తు లేదన్నా. మొదటి తూరి విప్పేముందు ఫోటో తీయలే. వేరే ముఖం గీస్తే ఊరోళ్ళకి తెలియదు, కానీ నాకి తెలుస్తుంది. ఏడాదికి ఒక తూరి వచ్చి చూసి పోతా."

ఫోన్ తీశాను. తీయనా వద్దా అని చెయ్యి తటపటాయిస్తుంటే ఆమే అంది: "తీయండి. మీ ఫాదర్‌కి చూపించండి. నా మంచి వేలై మాత్రం చూపిస్తే అది సాక్ష్యం కాదు. మీరు కన్నాడి వేలై చేసేవారని మొదటి దినమే తెలుసు. మీ బొటనవేలు మీద గీతలు ఉండాయి గదా. తప్పు వెతకను వచ్చినారు, మీకి దొరకలే. అందుకని నేనే పిలుచుకోని వచ్చినా."

కన్నాడి అంటే అద్దం, వేలై అంటే పని. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. అయినా ఫోటో తీశాను. ఆమె చేతి మీద అసూయ ముందే ఉంది. ఇప్పుడు తన తప్పును అలా తేలిగ్గా చెప్పేసిన నోటి మీద కూడా పుట్టింది. నాకు ఆ చెయ్యి రాదు, ఆ నోరూ రాదు.

తిరుగు రైలు

మదురైలో వాళ్ళు నాకు పొట్లం కట్టిన ఇడ్లీలిచ్చి రైలెక్కించారు. పొద్దున్నే లేచి, చల్లారిన ఇడ్లీ మీద పొడి చల్లుకుంటూ ఫోన్‌లో ఆ దేవదూత ఫోటో చూసుకున్నాను. ఇది ఒక్కటి చాలు. ఫాదర్‌గారికి చూపించి, "ఆమె పనే, మీరే చూడండి" అంటే అబద్ధం కూడా కాదు. పని నాకొస్తుంది. మా నాన్న తప్పును నేనే నిశ్శబ్దంగా సరిచేస్తాను, ఎవరికీ తెలియదు. పాపం ముసలాయన, నిచ్చెన మీద ఉండి చూసుకోలేదు.

ఇడ్లీ నోట్లో అలాగే ఉండిపోయింది.

మా నాన్న చూడడు. మా నాన్న తిప్పడు. కిందవాడు ఎటు ఇస్తే పైవాడు అటే పెడతాడని మదురైలో గొప్పగా చెప్పింది నేనే. ఆ రోజు కింద ఉన్నది ఎవరు? కిందోడు తప్పుగా ఇచ్చేస్తే అని సగాయం అడిగింది అందుకే. మూడు రోజులుగా చచ్చిపోయిన మనిషిని నా మనసులో నిచ్చెన మీద నిలబెట్టి, పాపం పాపం అంటూ జాలిపడుతున్నాను. పలక ఎత్తి ఇచ్చిన చేతులు నా ఒళ్ళోనే ఉన్నాయి, ఇడ్లీ పొడి అంటుకుని.

మా గుడి

ఇంటికి చేరగానే స్నానమైనా చెయ్యకుండా నిచ్చెన తీసుకుని గుడికి వెళ్ళాను. మా గుడి ఊడ్చే ముసలమ్మ వాకిట్లో ఉంది. పేరడిగితే వింతగా చూసి, సువార్తమ్మ అంది. నిచ్చెన ఆమే పట్టుకుంది. లోపలినుంచి జోజప్పగారి మీద కళ్ళు మూసుకుని వేలు పెట్టాను, నున్నగా ఉంది. బయటికి వెళ్ళి ఎక్కాను. అక్కడా నున్నగానే ఉంది, గాలి మొత్తం నాకేసింది. చట్రం అంచున లప్పం కొంచెం గీకి దాని కింద వేలు పెట్టాను. వానకు దొరకని ఆ రవ్వంత చోట పిల్లి నాలుక తగిలింది.

అక్కణ్ణుంచి ఇంటికి వచ్చి గోడ మీది మా పెళ్ళి ఫోటో దించాను. గాలివానకు ముందు ఏడాది, ఈ గుడిలోనే తీసింది. పటం కట్టింది మా నాన్న, దుమ్ము తుడిచేది రోజూ నేను. మా ఇద్దరి తలల వెనక జోజప్పగారి కిటికీ ఉంది. వెలుతురుకు ఒక చెంప తెల్లబారింది గానీ గడ్డం ఉంది, ముక్కుంది, కళ్ళున్నాయి. ఆ కళ్ళు పీఠంవైపు చూస్తున్నాయి. ముప్పై ఏళ్ళు ఆ పటం కింద కూర్చుని అన్నం తిన్నాను. మా ఆవిడ ముఖం, నా ముఖం తప్ప అందులో ఇంకొకటి చూడలేదు.

ఫాదర్‌గారు వరండాలో కూర్చుని నా ఫోన్‌లో ఫోటోలు ఒక్కొక్కటే జరుపుతూ చూశారు. డబ్బాలు, పట్టీలు, మదురై పరంజా. చివరికి ఆగారు.

"ఈ దేవదూతకు ముఖమేది ఇన్నయ్యా? ఇదీ ఆమె పనేనా?"

ఔనని ఊరుకుంటే చాలు. కుంచె నాదే. ఒక్క క్షణం ఊరుకున్నాను కూడా, దాచడమెందుకు.

"ఆమె పనే ఫాదర్. తనే తీసుకెళ్ళి చూపించింది. ఇది కూడా చూడండి" అని పెళ్ళి ఫోటో ఆయన చేతికిచ్చాను. ఆయన నన్నూ, మా ఆవిడనూ చూసి నవ్వబోయారు. అంతలో వెనకున్నది కనిపించింది. ఫోటోవంకా, గుడివంకా మార్చి మార్చి చూశారు.

"జోజప్పగారు పీఠంవైపు చూస్తున్నాడేమిటి?"

"ఎప్పుడూ అటే చూసేవాడు ఫాదర్. గాలివాన తర్వాత మేము తిప్పి పెట్టాం. రంగున్న పక్క వానలోకి పోయింది, ముఖం అందుకే పోయింది. తప్పు ఉప్పుగాలిది కాదు."

"చౌరయ్యగారు అంత పొరపాటు చేశారా?"

"బిగించింది మా నాన్న. అందించింది నేను. మా దగ్గర పైవాడు అద్దం తిప్పడు."

ఆయన ఫోటోను ఒళ్ళో పెట్టుకున్నారు. ఆదివారం ఊరికి ఏం చెప్పాలో ఆలోచిస్తున్నట్టున్నారు. ఆలస్యంగా వచ్చేవాళ్ళ మీద ఇకనుంచి ఎవరి కన్నూ ఉండదు మరి.

"అయితే ఎవరితో చేయిద్దాం?" అన్నారు చివరికి.

"ఆమెతోనే. ముఖం ఈ ఫోటో చూసి ఆమే గీస్తుంది, నాకంటే బాగా గీస్తుంది" అన్నాను. ఆ మాట అంటుంటే కడుపులో మండింది, ఇప్పుడు రాస్తుంటే కూడా మండుతోంది. "నేను కింద నిలబడి అద్దం అందిస్తాను ఫాదర్. ఈసారి భయం లేదు. పైనున్న మనిషి వేలు పెట్టి చూసుకుంటుంది."